రిపోర్టు నార్మల్, మొటిమ మాత్రం మొండిది

"నెలసరికి వారం ముందు గడ్డం నిండా మొటిమలు. హార్మోన్ల పరీక్ష చేయిస్తే అన్నీ నార్మల్. మరి ఇవి హార్మోన్ల వల్లేనా?" అని ఒక పాఠకురాలు అడిగారు. హార్మోన్ల వల్లేనండీ. రక్తంలో వెతికితే దొరకవు, అంతే!

మొటిమ పుట్టుక తెలిసిందే. వెంట్రుక కుదురు పక్కనుండే నూనె గ్రంథి జోరందుకుంటుంది, రంధ్రం మూసుకుపోతుంది, లోపల బ్యాక్టీరియా చేరుతుంది, వాపు, చీము. ఈ గ్రంథిని ఉసిగొల్పేవి ఆండ్రోజెన్లు, అంటే పురుష హార్మోన్లు. వృషణాల హార్మోను లేని మగవాళ్లకు టెస్టోస్టిరాన్ ఇస్తే మొటిమలు వస్తాయని 1941లోనే జేమ్స్ హామిల్టన్ చూపించాడు. దాంతో అందరి కళ్లూ రక్తం మీదే పడ్డాయి.

నాకు ముచ్చటేసేది మాత్రం ఈ నూనె గ్రంథి చేసే పని. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు ఆడా మగా అందరిలోనూ డీహెచ్ఈఏఎస్ అనే బలహీనమైన సరుకును రక్తంలోకి వదులుతాయి. నూనె గ్రంథి దాన్ని పట్టుకుని, ఒక్కో ఎంజైముతో మార్చుకుంటూ టెస్టోస్టిరాన్ చేస్తుంది. చివర్లో 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైముతో దాన్ని ఇంకా ఘాటైన డీహెచ్‌టీగా మారుస్తుంది. పాలు బయట కొని, పెరుగు ఇంట్లో తోడేసుకున్నట్టు! తయారైన చోటే వాడకం కూడా. ఇక రక్తపరీక్షకు చిక్కేదేముంది?

అయితే ఆ చివరి ఎంజైమును ఆపేస్తే సరిపోదా? డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టుకతోనే ఆ ఎంజైము లోపించినవాళ్ల గురించి 1974లో లోకానికి తెలిసింది. వాళ్లకు గడ్డం పలచనే, చర్మంలో నూనెకు మాత్రం లోటు లేదు! ఎంజైము రెండు రకాలు. వాళ్లకు లేనిది రెండోది, నూనె గ్రంథిలో పనిచేసేది మొదటిది. సరే, మొదటిదాన్నే ఆపుదామని మాత్ర చేశారు. మొటిమల మీద అది పనిచేయలేదని 2004లో తేలింది. డీహెచ్‌టీ పనిచేయాలంటే కణంలోని రిసెప్టర్‌కు అతుక్కోవాలి; అది లేకపోయినా టెస్టోస్టిరాన్ నేరుగా అదే రిసెప్టర్‌కు అతుక్కోగలదు మరి. పుట్టుకతో ఆ రిసెప్టరే పనిచేయనివాళ్లలో నూనె దాదాపు ఊరదు. కాబట్టి మూయాల్సింది రిసెప్టర్‌ని. ఆ పని చేసే క్లాస్కోటెరోన్ క్రీముకు అమెరికా 2020లో అనుమతిచ్చింది.

ఇక వైద్యం సంగతి. నెలసరి తప్పుతున్నా, అవాంఛిత రోమాలు వస్తున్నా రక్తపరీక్ష అవసరమే. నాకు ఒళ్లు మండేది ఇంకొకందుకు. మందుల షాపులో "తెల్లబడతారు" అని చేతిలో పెట్టే క్రీముల్లో చాలావాటిలో బీటామెథసోన్ లాంటి స్టిరాయిడ్లు ఉంటాయి, అంటే అవీ హార్మోను జాతే. ఆ క్రీము మొదట ఎరుపు తగ్గించి మురిపిస్తుంది, తర్వాత అదే మొటిమలు తెస్తుంది. చీటీ లేనిదే ఇలాంటివి అమ్మొద్దని కేంద్రం 2018లో కట్టడి చేసింది. కౌంటరు దగ్గర ఆ చీటీ అడిగేవాళ్లెందరు?