ఈపూరులో 70 వేలకు గేమింగ్ పీసీ: ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు?

పీసీ బిల్డ్ వీడియోలు చూసి చూసి పార్టుల లిస్టు రెడీ చేసుకున్నారా? ఒక్క నిమిషం ఆగండి. ఆ వీడియోల్లో చాలావరకు సిటీలో, ఏసీ గదిలో తీసినవే. అక్కడ ఏదైనా పార్ట్ తేడా చేస్తే సాయంత్రానికి షాపుకెళ్లి మార్చుకొచ్చేస్తారు. ఈపూరులో అలా కుదరదు కదా. ఏది పాడైనా కనీసం నరసరావుపేట వెళ్లాలి. అక్కడ దొరక్కపోతే గుంటూరు, విజయవాడ బస్సెక్కాలి. ఇక మే నెల ఎండ గురించి చెప్పక్కర్లేదు, రెంటచింతల ఉన్నది మన పల్నాడు జిల్లాలోనే. గాలివాన వస్తే కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో తెలీదు. అన్నిటికంటే ముఖ్యం, చాలా ఇళ్లలో ఆ డబ్బు మిర్చి అమ్మాక ఒకేసారి చేతికొచ్చేది. తప్పు పార్ట్ కొంటే మళ్లీ పంట దాకా ఆగాల్సిందే.

అందుకే ఈ బిల్డ్‌కి ఒకటే రూల్ పెట్టుకుందాం. తర్వాత మార్చుకోగలిగిన పార్టులో తగ్గించండి. చెడిపోతే పక్క పార్టులను కూడా చెడగొట్టేదాంట్లో మాత్రం రూపాయి కూడా తగ్గించొద్దు.

ముందు పాత "ఐ7" ఆఫర్ల సంగతి

"ఐ7, 16 జీబీ, గేమింగ్ పీసీ, 15 వేలకే" అనే ఆఫర్లు మీరూ చూసే ఉంటారు. వాటిలో చాలావరకు మూడో, నాలుగో జనరేషన్ ప్రాసెసర్లు, అంటే పదేళ్లు దాటినవి. వాటికి విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10 సపోర్టేమో 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఉండాలి. పేరులో ఐ7 ఉందని కాదు, ఏ జనరేషనో అడిగి తెలుసుకోండి.

70 వేల లెక్క

కింద ఇచ్చినవి షాపు ధరలు కావు. ఒక్కో పార్టుకు మనం గీసుకునే గీత. ధర ఆ గీత దాటితే ఆ మోడల్ వదిలేసి ఇంకోటి చూడాలి.

- గ్రాఫిక్స్ కార్డు: రూ. 22,000
- ప్రాసెసర్: రూ. 9,500
- మదర్‌బోర్డు: రూ. 7,000
- ర్యామ్, 16 జీబీ: రూ. 8,000
- ఎస్ఎస్‌డీ, 512 జీబీ: రూ. 4,500
- పవర్ సప్లై: రూ. 4,000
- క్యాబినెట్: రూ. 3,000
- యూపీఎస్: రూ. 3,500
- మానిటర్, 1080పీ: రూ. 7,500
- కీబోర్డు, మౌస్: రూ. 1,000

గ్రాఫిక్స్ కార్డు: పేరు కాదు, వెర్షన్ చూడండి

1080పీ గేమింగ్‌కి 8 జీబీ మెమరీని కనీసంగా పెట్టుకోండి. స్టాక్‌లో దొరికితే ఏఎండీ ఆర్ఎక్స్ 6600 ఈ రేంజ్‌లో ఇప్పటికీ మంచి కార్డే. 2021లో వచ్చింది, పవర్ 132 వాట్లే. కొత్తదే కావాలంటే ఎన్విడియా ఆర్టీఎక్స్ 5050 చూడొచ్చు. అది 8 జీబీ, 130 వాట్లు.

చాలామంది పొరబడేది ఆర్టీఎక్స్ 3050 దగ్గర. ఆ పేరుతో 8 జీబీది ఒకటి, 6 జీబీది ఒకటి ఉన్నాయి. తేడా మెమరీలోనే కాదు. 6 జీబీ దాంట్లో కోర్లు కూడా తక్కువ, మెమరీ బస్సు 128 బిట్ నుంచి 96 బిట్‌కి తగ్గింది. బిల్లులో ఉత్త "3050" అని రాస్తే ఏ వెర్షనో రాయించుకోండి.

ప్రాసెసర్: ఇక్కడో రెండో దారి ఉంది

ఈ బడ్జెట్‌లో రైజెన్ 5 5600 సరిపోతుంది. 6 కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లు. బాక్సులోనే కూలర్ వస్తుంది కాబట్టి వాటర్ కూలర్ ఖర్చు అక్కర్లేదు. ఇంటెల్ వైపు చూస్తే కోర్ ఐ5 12400ఎఫ్‌లోనూ అవే 6 కోర్లు, 12 థ్రెడ్లు.

"ఏఎమ్4 పాతది కదా, ఏఎమ్5 తీసుకోవచ్చుగా?" అంటారా? మాట నిజమే, ముందుముందు అప్‌గ్రేడ్‌కి ఏఎమ్5 మేలు. కానీ అందులో డీడీఆర్5 ర్యామ్ తప్ప పనిచేయదు. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను పెద్దఎత్తున కొనేయడంతో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకు ర్యామ్, ఎస్ఎస్‌డీ అమ్మే మైక్రాన్ కంపెనీ ఆ వ్యాపారమే ఆపేస్తున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. ఇంట్లో పాత డీడీఆర్4 స్టిక్స్ ఉంటే మాత్రం ఏఎమ్4 వైపే వెళ్లండి. పెద్ద ఖర్చు తప్పుతుంది.

ఇప్పుడు అసలు విషయం. 5600లో గానీ, 12400ఎఫ్‌లో గానీ లోపల గ్రాఫిక్స్ ఉండవు. గ్రాఫిక్స్ కార్డు వారంటీకి పంపితే అది తిరిగొచ్చేదాకా స్క్రీన్ నల్లగానే ఉంటుంది. పీసీ మీదే ప్రాజెక్టు వర్కు, ఆన్‌లైన్ అప్లికేషన్లు చేసుకునేవాళ్లకు ఇది చిన్న ఇబ్బంది కాదు.

అలాంటివాళ్లు రైజెన్ 5 5600జీ గురించి ఆలోచించండి. లోపలే వేగా గ్రాఫిక్స్ ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డు లేకుండానే వాలరెంట్, జీటీఏ 5 లాంటివి సెట్టింగ్స్ తగ్గించి ఆడొచ్చు. ఈ ఏడాది కార్డు లేకుండా కట్టుకుని, వచ్చే పంటకి కార్డు పెట్టుకోవచ్చు. అప్పు చేయక్కర్లేదు. మైనస్ కూడా చెప్పాలి. 5600లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ ఉంటే దీంట్లో 16 ఎంబీయే, అందుకని తర్వాత కార్డు పెట్టినా 5600 కంటే కొంచెం వెనకబడుతుంది.

ర్యామ్, ఎస్ఎస్‌డీ

16 జీబీ ఒకే స్టిక్ కాకుండా 8+8 తీసుకోండి. డ్యూయల్ చానెల్‌లో ఎఫ్‌పీఎస్ మెరుగ్గా వస్తుంది. 5600జీ అయితే ఇది తప్పనిసరి, ఎందుకంటే దాని గ్రాఫిక్స్ వాడుకునేది ర్యామ్‌నే. ఎస్ఎస్‌డీ దగ్గర మాత్రం తగ్గించొచ్చు. పెద్ద గేమ్ ఒక్కోటి 100 జీబీ దాటుతున్నా, ఇప్పుడు 512 జీబీతో మొదలుపెట్టి తర్వాత ఇంకోటి కలుపుకోవడం తేలికే. బోర్డులో రెండో స్లాట్ ఉందో లేదో కొనేముందే చూసుకోండి.

పవర్ సప్లై, యూపీఎస్: మన ఊళ్లో ఇవే కీలకం

ఈ పీసీ ఫుల్ లోడ్‌లో తీసుకునేది దాదాపు 260 వాట్లు. కార్డుకి 132, ప్రాసెసర్‌కి 76 దాకా, మిగతావన్నీ కలిపి ఓ 50. కాబట్టి 80 ప్లస్ బ్రాంజ్ ఉన్న 550 వాట్ల పవర్ సప్లై చాలు. క్యాబినెట్‌తో ఫ్రీగా ఇచ్చే "500 వాట్స్" డబ్బాను మాత్రం నమ్మొద్దు. దాని లేబుల్ మీద 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంప్స్ ఉన్నాయో చూసి 12తో గుణించండి. 18 ఆంప్స్ ఉంటే అది ఇచ్చేది 216 వాట్లే! అలాంటిది కాలిపోతే ఒంటరిగా పోదు, బోర్డునీ కార్డునీ కూడా తీసుకుపోగలదు.

యూపీఎస్ గేమ్ కంటిన్యూ చేయడానికి కాదు, సేవ్ చేసి ఆఫ్ చేయడానికి. 600 వీఏ అని రాసి ఉన్నవి సాధారణంగా 360 వాట్లే ఇస్తాయి. మన బిల్డ్‌కీ మానిటర్‌కీ అది సరిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది సైన్ వేవ్ రకమో కాదో చూసి, స్విచ్ యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. నార్మల్ మోడ్‌లో అది కరెంటు అందుకునేలోపే పీసీ రీస్టార్ట్ అయిపోవచ్చు.

ఇంకోటి. క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జిల్లుమంటోందా? ఎర్తింగ్ సరిగ్గా లేదన్నమాట. పీసీ కొనకముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. అది లేకుండా ఎంత మంచి పవర్ సప్లై పెట్టినా సగం రక్షణే.

క్యాబినెట్: అద్దం కాదు, జల్లెడ

గది 25 డిగ్రీలున్నప్పుడు 70 డిగ్రీలు చూపించే కార్డు, గది 40కి వెళ్తే దాదాపు 85 చూపిస్తుంది. అప్పుడు కార్డు తనంతట తానే స్పీడు తగ్గించుకోవచ్చు, ఫ్యాన్ల మోత కూడా పెరుగుతుంది. ముందు భాగం అద్దంతో మూసేసిన ఆర్జీబీ క్యాబినెట్ కాకుండా మెష్ ఉన్నది తీసుకోండి. ముందు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి చాలు. డస్ట్ ఫిల్టర్ ఊడదీసి కడుక్కునేలా ఉండాలి. మిర్చి కళ్లాల సీజన్లో నెలకోసారి కడగండి.

కొనేటప్పుడు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే పక్కపక్క షాపుల్లో ధరలు పోల్చుకోవచ్చు. దారి ఖర్చు కూడా బడ్జెట్‌లో రాసుకోండి. ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్లు వేయించుకోండి. ఒక్కో పార్టుకి వారంటీ ఎన్నేళ్లు, సర్వీస్ సెంటర్ ఎక్కడ ఉందో అడగండి. పీసీ అక్కడే బిగించి ఆన్ చేసి చూపించమనండి. ఆన్‌లైన్ అయితే పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. డబ్బాలు పారేయొద్దు.

లెక్క 70 వేలు దాటిపోతే ముందు మానిటర్ ఆపండి. ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ ఉంటే కొన్నాళ్లు నడిచిపోతుంది. ఇంకా దాటితే 5600జీ తీసుకుని గ్రాఫిక్స్ కార్డు వాయిదా వేయండి. పవర్ సప్లై, యూపీఎస్, ఎర్తింగ్ మాత్రం మొదటి రోజే ఉండాలి. ఆ మూడూ సరిగ్గా ఉంటే మిగతావన్నీ నిదానంగా, ఒక్కో సీజన్‌కి ఒకటి చొప్పున మార్చుకుంటూ పోవచ్చు.