రక్తాన్ని దారి మళ్లించే జాలీ

మెదడుకు రక్తం మోసే ధమని చీలే చోట గోడ పలచబడితే, పాత సైకిల్ ట్యూబులా ఒక పక్కకు ఉబ్బుతుంది. ఆ ఉబ్బునే అన్యూరిజం అంటారు. పెద్దవాళ్లలో నూటికి సుమారు 3 మందికి ఇది ఉంటుందని అంచనా. చాలామందికి ఉన్నట్టు తెలియకుండానే జీవితం గడిచిపోతుంది. బీడీ, సిగరెట్, అదుపు తప్పిన బీపీ, తోబుట్టువులకో తల్లిదండ్రులకో ఇదే జబ్బు ఉండటం ముప్పును పెంచుతాయి. ఉబ్బు పగిలితే మెదడు పొరల మధ్య రక్తం చేరుతుంది. ఎన్నడూ ఎరగనంత తలనొప్పి నిమిషంలోపే ముదురుతుంది. వాంతులవుతాయి, మెడ పట్టేస్తుంది, కొందరికి స్పృహ తప్పుతుంది.

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఈ మెడ పట్టేయడం దగ్గరే పొరబడే వీలుంది. నీళ్లలోని ఫ్లోరైడ్‌తో తరాలుగా ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయిన ప్రాంతమది. మెడ తిప్పలేని మనిషిని చూసి అక్కడెవరూ ఉలిక్కిపడరు. అయితే ఫ్లోరోసిస్ బిగువు ఏళ్ల తరబడి మెల్లగా ముదిరేది. రక్తస్రావంతో వచ్చేది గంటల్లోనే, అదీ భరించలేని తలనొప్పి వెంటే వస్తుంది. అలాంటప్పుడు బామ్ రాసి పడుకోబెట్టకుండా 108కు ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

అన్యూరిజానికి మొదట దొరికిన మందు కత్తే. 1937లో అమెరికాలోని బాల్టిమోర్‌లో వాల్టర్ డాండీ పుర్రె తెరిచి, ఉబ్బు మొదట్లో వెండి క్లిప్పు బిగించాడు. 1990లో లాస్ ఏంజెలెస్‌లో గుగ్లీల్మీ బృందం పుర్రె తెరవకుండానే, రక్తనాళం గుండా సన్నటి ప్లాటినం తీగ చుట్టలను ఉబ్బులోకి పంపి నింపింది. ఇదే కాయిలింగ్. మూతి ఇరుకుగా ఉంటే చుట్టలు లోపల నిలుస్తాయి. మూతి వెడల్పయితే జారి బయటికొస్తాయి. ఉబ్బు పెద్దదైతే కొన్నాళ్లకు చుట్టలు అణిగి రక్తం మళ్లీ చొరబడుతుంది.

ఆ చిక్కులోంచే ఫ్లో డైవర్టర్ పుట్టింది. ఉబ్బు జోలికి పోకుండా ధమనినే బాగుచేయడం దీని పద్ధతి. బాగా వాడుకలో ఉన్న పైప్‌లైన్ రకంలో కోబాల్ట్-క్రోమియం, ప్లాటినం-టంగ్‌స్టన్ తీగలు 48 కలిపి జాలీలా అల్లిన మెత్తటి గొట్టం ఉంటుంది. తొడ మొదట్లోనో మణికట్టు దగ్గరో ధమనికి చిన్న రంధ్రం చేసి, ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ కేథెటర్ అనే సన్నటి నాళికను మెడ మీదుగా మెదడు దాకా నడిపిస్తారు. ఉబ్బు మూతికి అటూ ఇటూ ఆనేలా గొట్టాన్ని విప్పుతారు. ఈ అల్లిక విచ్చుకునేకొద్దీ పొడవు తగ్గుతుంది కాబట్టి, కొలత ముందే లెక్కగట్టడంలోనే సగం నేర్పు ఉంది.

ధమని గోడ మీద మూడో వంతు మాత్రమే లోహం పరుచుకుంటుంది, మిగతాదంతా సందులే. అయినా అది చాలు. పెట్టిన కాసేపటికే, ఎక్స్‌రేలో కనిపించేందుకు ఎక్కించిన డై మిగతా నాళాల్లోంచి వెళ్లిపోయాక కూడా ఉబ్బు అడుగున నల్లగా నిలిచి కనిపిస్తుంది. అక్కడ సుడి ఆగిందన్నమాట. నిలిచిన రక్తం గడ్డకడుతుంది. జాలీ మీద ధమని లోపొర పాకి మూతిని పూడ్చేస్తుంది. అదే జాలీ కింద పడ్డ కంటి ధమని లాంటి చిన్న కొమ్మలు మాత్రం సాధారణంగా మూసుకుపోవు. వాటి అవతల రక్తం కావలసిన కణజాలం ఉంటుంది గనుక, అది సందుల్లోంచే లాక్కుంటుంది. ఉబ్బుకు అవతలి దారి లేదు.

అమెరికా ఎఫ్‌డీఏ 2011లో పైప్‌లైన్‌ను అనుమతించింది. దానికి ఆధారమైన పరీక్షలో పెద్ద అన్యూరిజాలున్నవారికే దీన్ని పెట్టారు. 6 నెలలకు నూటికి 74 ఉబ్బులు పూర్తిగా మూసుకున్నాయి. 5 ఏళ్లకు, ఆంజియోగ్రామ్‌కు (రక్తనాళాల ఎక్స్‌రేకు) వచ్చినవారిలో ఆ లెక్క 95కు చేరింది. అయితే తొలి 6 నెలల్లో 107 మందిలో ఆరుగురికి తీవ్రమైన పక్షవాతమో మరణమో సంభవించింది. ఇది చిన్న ముప్పేమీ కాదు. అందుకే చిన్నగా ఉండి, పగిలే సూచనలు లేని ఉబ్బును కొన్నిసార్లు ఏమీ చేయకుండా స్కాన్లతో గమనిస్తుంటారు.

అప్పుడే పగిలిన ఉబ్బుకు ఫ్లో డైవర్టర్ మొదటి ఎంపిక కాదు. జాలీ పని నెలల మీద సాగుతుంది, పగిలిన ఉబ్బు అంతవరకు ఆగదు. పైగా జాలీ మీద గడ్డ కట్టకుండా ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లాంటి మరో మాత్ర వాడాలి. రక్తం కారుతున్న మెదడుకు అవే చేటు. అందుకే అలాంటప్పుడు వీలుంటే క్లిప్పో కాయిలో వాడతారు.

మర్రిగూడ నుంచి హైదరాబాద్ వెళ్లి ఈ చికిత్స చేయించుకున్న మనిషి కొద్ది రోజుల్లో ఇల్లు చేరవచ్చు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. రెండో మాత్ర సాధారణంగా 3 నుంచి 6 నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ సాగుతుంది. ఆస్పిరిన్ ఇంకా చాలాకాలం. ఒంట్లో బాగుందనో, ఊళ్లో మందుల షాపులో దొరకలేదనో మానేస్తే జాలీ లోపల గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు. పన్ను పీకించుకునే ముందు కూడా జాలీ పెట్టిన డాక్టర్‌ను అడగనిదే మాత్ర ఆపకూడదు.

ఖర్చు మాటకొస్తే పరికరం ఒక్కటే లక్షల్లో ఉంటుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పథకం పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. ఏ ఆసుపత్రిలో ఏ పరికరానికి వర్తిస్తుందో చేరకముందే అక్కడి ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. ఆరు నెలలకో ఏడాదికో తిరిగి చేసే ఆంజియోగ్రామ్ ఖర్చు సంగతీ అప్పుడే అడగాలి, ఉబ్బు మూసుకుందో లేదో తేలేది ఆ పరీక్షలోనే.