వాల్వు వేళ తప్పితే...

బడిలో గంట కొట్టే మనిషి ఒకరోజు పది నిమిషాలు ముందుగానే గంట కొట్టేశాడనుకోండి. ఏమవుతుంది? పాఠం సగంలో ఉండగానే మీరు పుస్తకాలు సర్దేస్తారు. పది నిమిషాలు ఆలస్యంగా కొడితే? తర్వాతి పీరియడు మాస్టారు గుమ్మం దగ్గర నిలబడి ఉంటారు, లోపలి మాస్టారు కదలరు. గంటలో లోపం లేదు, పాఠంలోనూ లోపం లేదు. తప్పింది వేళ ఒక్కటే. కారు ఇంజనులో కూడా అచ్చం ఇలాంటి జబ్బే ఒకటుంది. దాన్ని ఎలా కనిపెడతారో ఈ నెల తెలుసుకుందాం.

రెండు చుట్లకు ఒక చుట్టు

పెట్రోలు ఇంజను నాలుగు స్ట్రోకుల్లో పనిచేస్తుందని మీలో చాలామంది చదివే ఉంటారు. 1876లో జర్మనీలో నికొలాస్ ఒట్టో ఇలాంటి ఇంజనును జయప్రదంగా నడిపించాడు. పిస్టన్ కిందికి దిగుతూ గాలినీ పెట్రోలునూ లోపలికి పీలుస్తుంది. పైకి వస్తూ ఆ మిశ్రమాన్ని అదుముతుంది. నిప్పురవ్వ పడగానే మండిన వాయువులు పిస్టన్‌ను కిందికి నెడతాయి. మళ్లీ అది పైకి వచ్చేటప్పుడు పొగ బయటికి పోతుంది.

గాలి రావడానికి ఒక తలుపు, పొగ పోవడానికి ఒక తలుపు కావాలి కదా! అవే వాల్వులు. వాటిని తెరిచేది కామ్‌షాఫ్టు. అది గుడ్డు ఆకారపు దిమ్మెలున్న ఇనుప కడ్డీ. దిమ్మె మొన వాల్వును నొక్కితే తలుపు తెరుచుకుంటుంది, మొన దాటిపోతే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగితే కామ్‌షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. ఈ రెంటినీ కలిపేది ఒక గొలుసు లేదా పళ్ల బెల్టు.

చిన్న లెక్క చేయండి. క్రాంక్‌షాఫ్టు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే కామ్‌షాఫ్టు 1500 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుందన్నమాట!

వేళను ఎందుకు మార్చాలి?

ఆట విడిచాక సినిమా హాలు గేటు దగ్గర జనాన్ని చూశారా? ఊపు మీద వస్తున్నప్పుడు గేటు మరికాసేపు తెరిచి ఉంచితే ఇంకా కొంతమంది బయటపడతారు. గాలికీ బరువుంది కనుక దానికీ జడత్వం ఉంది. ఇంజను వేగంగా తిరుగుతున్నప్పుడు, పిస్టన్ అడుగుకు చేరి మళ్లీ పైకి బయలుదేరినా, గాలి తన ఊపుతో లోపలికి వస్తూనే ఉంటుంది. అప్పుడు వాల్వు కాస్త ఆలస్యంగా మూసుకోవడం లాభం. కాని ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలికి ఆ ఊపు ఉండదు. తలుపు ఇంకా తెరిచే ఉంటే, వచ్చిన గాలిని పిస్టన్ వెనక్కి నెట్టేస్తుంది.

మరో చిక్కు కూడా ఉంది. గాలి తలుపు మరీ ముందుగా తెరుచుకుంటే, పొగ తలుపు ఇంకా మూసుకోకముందే రెండూ కలిసి తెరిచి ఉంటాయి. బండి ఆగి ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు, ఆ సందులో కాలిన వాయువులు వెనక్కి వచ్చి కొత్త మిశ్రమంలో కలుస్తాయి. మంట సరిగా అంటుకోదు, ఇంజను వణుకుతుంది.

కనుక అన్ని వేగాలకూ సరిపోయే వేళ ఒక్కటి లేదు. 1980లో ఇటలీకి చెందిన ఆల్ఫా రోమియో కంపెనీ తన స్పైడర్ కార్లలో వాల్వుల వేళ మార్చే ఏర్పాటు పెట్టింది. నేడు మన రోడ్ల మీద తిరిగే చాలా పెట్రోలు కార్లలో ఈ సదుపాయం ఉంది.

ఆయిలుతో తిరిగే రెక్కలు

కామ్‌షాఫ్టు కొనన ఉండే పళ్లచక్రం లోపల ఒక డొల్ల ఉంటుంది. అందులో రెక్కల చక్రం ఉంటుంది. రెక్కకు ఒక పక్క ఇంజను ఆయిలు ఒత్తిడితో చేరితే కామ్‌షాఫ్టు కొన్ని డిగ్రీలు ముందుకు జరుగుతుంది. రెండో పక్క చేరితే వెనక్కి జరుగుతుంది. ఆయిలును ఎటు పంపాలో నిర్ణయించేది ఒక విద్యుత్ వాల్వు. తీగచుట్టలో కరెంటు పారితే లోపలి ఇనుప కడ్డీ కదిలి ఆయిలు దారి మారుస్తుంది. కరెంటు ఆగితే స్ప్రింగు దాన్ని వెనక్కి నెడుతుంది.

కరెంటు పంపేది ఇంజనులోని కంప్యూటరు. అది ఆజ్ఞ ఇచ్చి ఊరుకోదు, అమలైందో లేదో చూస్తుంది. కామ్‌షాఫ్టు దగ్గరా క్రాంక్‌షాఫ్టు దగ్గరా ఉన్న సెన్సార్లు, ఎవరు ఎక్కడున్నారో దానికి ఎప్పటికప్పుడు చెబుతుంటాయి. ఆజ్ఞకూ అమలుకూ పొంతన లేకపోతే డ్యాష్‌బోర్డు మీద ఇంజను దీపం వెలుగుతుంది, కంప్యూటరులో ఒక అంకె నమోదవుతుంది.

ఒక టాక్సీ కథ

రెండేళ్ల క్రితం వేసవి సెలవుల్లో, మెకానిక్ షెడ్డు నడుపుతున్న నా పాత విద్యార్థి దగ్గరికి వెళ్లాను. అప్పుడే ఒక టాక్సీ వచ్చింది. రోడ్డు మీద బాగానే పోతోందట, సిగ్నలు దగ్గర ఆగితే చాలు, వణికి ఆగిపోతోందట. ఇంజను దీపం వెలుగుతోంది. వేరేచోట కామ్‌షాఫ్టు సెన్సారు మార్చారు. నాలుగు రోజులకే దీపం మళ్లీ వెలిగింది. ఈసారి పళ్లచక్రం మొత్తం మార్చాలన్నారు. “పిల్ల కాలేజీ ఫీజుకు దాచిన డబ్బు తమ్ముడూ, అదీ పోతే ఇక నా దగ్గరేమీ లేదు” అన్నాడు డ్రైవరు.

నా విద్యార్థి స్కానరు తగిలించాడు. ‘పి 0011’ అని వచ్చింది. కామ్‌షాఫ్టు ఉండవలసిన చోటుకంటే ముందుకు పోయి ఉందని దాని అర్థం. ఇంజను వేడెక్కి నెమ్మదిగా తిరుగుతుండగా అంకెలు చూశాం. కంప్యూటరు అడిగింది సున్నా డిగ్రీలు, కామ్‌షాఫ్టు ఉన్నది 18 డిగ్రీల ముందు.

“చూశారా మాస్టారూ! సెన్సారు ముందుందని చెబుతోంది. ఇంజను వణుకూ అదే చెబుతోంది. ఇద్దరు సాక్షులూ ఒకే మాట అంటుంటే, నిజం చెప్పిన సాక్షికి శిక్ష వేశారు” అన్నాడు.

అవును. ఆ అంకె జ్వరం లాంటిది. జ్వరం రోగాన్ని తెలియజేస్తుంది గాని, రోగం పేరు చెప్పదు. ఇక అతడు ఖర్చు లేని పరీక్షతో మొదలుపెట్టాడు.

మొదట ఆయిలు కొలబద్ద తీశాడు. ఆయిలు నల్లగా, చిక్కగా, తక్కువగా ఉంది. మార్చి ఎన్నాళ్లయిందని అడిగితే డ్రైవరు తల వంచుకున్నాడు. ఖర్చు తగ్గుతుందని వాయిదా వేస్తూ వచ్చాడట.

తర్వాత విద్యుత్ వాల్వును విప్పి మల్టీమీటరు పెట్టాడు. నిరోధం 7 ఓములు చూపింది. ఓమ్ నియమం ప్రకారం 12 వోల్టులను 7 ఓములతో భాగిస్తే సుమారు 1.7 ఆంపియర్లు. ఆ వాల్వుకు ఉండవలసింది అంతే. తీగ తెగి ఉంటే మీటరు అనంతం చూపేది, షార్టయి ఉంటే సున్నా దగ్గర నిలిచేది. కనుక తీగచుట్ట మంచిదే.

మూడోది, బ్యాటరీ తీగలు ఒక్క క్షణం తాకించాడు. కడ్డీ టక్కున కదలాలి. కొంచెం కదిలి, సగంలో ఇరుక్కుపోయింది. కరెంటు తీసినా స్ప్రింగు దాన్ని వెనక్కి నెట్టలేకపోయింది. పైగా చిన్న జల్లెడ నిండా తారులాంటి మడ్డి! దోషి దొరికింది. తలుపు సగం తెరిచి ఇరుక్కుంది కనుక ఆయిలు ఒకవైపే పోతూ కామ్‌షాఫ్టును ముందుకు పట్టి ఉంచింది. వేగంలో తెలియని ఆ తేడా, బండి ఆగినప్పుడు బయటపడేది.

వాల్వును శుభ్రం చేసి, కడ్డీ తేలిగ్గా ఆడుతోందని చూసుకుని బిగించాడు. కంపెనీ చెప్పిన రకం ఆయిలు, కొత్త ఫిల్టరు వేశాడు. నమోదైన అంకె చెరిపి బండి నడిపి చూశాడు. అడిగిన డిగ్రీలూ ఉన్న డిగ్రీలూ జంట ఎద్దుల్లా కలిసి నడిచాయి. అయినా డ్రైవరుతో, “అన్నా, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూపించు. దీపం వెలిగితే అప్పుడు చక్రం, గొలుసు విప్పుదాం. ముందే ఎందుకు?” అన్నాడు. వేసవి సెలవులయ్యాక ఫోను చేసి అడిగాను. దీపం మళ్లీ వెలగలేదట.

పదో తరగతిలో ఓమ్ నియమం అప్పజెప్పలేక నా చేత చీవాట్లు తిన్న కుర్రవాడు అతడే. పరీక్షలో రాని నియమం అతని చేతికి వచ్చింది. ఒక కుటుంబం డబ్బును నిలబెట్టింది. ఆ రోజు నేనే కొత్త పాఠం నేర్చుకుని ఇంటికి వచ్చాను.

మీరు చేసి చూడండి

రెండు పరీక్ష నాళికల్లో సమానంగా ఆముదం, కొబ్బరినూనె పోయండి. ఒక్కోదానిలో ఒకే సైజు సైకిలు బేరింగు గుండు జారవిడిచి, అడుగుకు చేరే కాలం కొలవండి. తర్వాత నాళికలను వేడినీళ్లలో కాసేపు ఉంచి మళ్లీ కొలవండి. కాలం ఎందుకు మారింది? కంపెనీ చెప్పిన దానికంటే చిక్కని ఆయిలు పోస్తే, చలికాలం ఉదయాన ఇంజనులోని రెక్కల చక్రం ఎలా కదులుతుంది? ఆలోచించి, మీ సైన్సు మాస్టారితో చర్చించండి. ఒక్క హెచ్చరిక: తిరుగుతున్న ఇంజనులో మాత్రం ఎన్నడూ చేయి పెట్టకండి.