గొట్టం దులిపేదెవరు?

మిర్యాలగూడ బాయిల్డ్ రైస్ మిల్లుల్లో వడ్లను ఉడికించే ఆవిరి వడ్ల ఊక మంటతోనే పుడుతుంది. ఊక బరువులో దాదాపు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది, అందులో చాలాభాగం సిలికా. అది బాయిలర్ గొట్టాలకు పట్టేస్తే వేడి నీళ్లకు అందదు, ఊక ఖర్చు పెరుగుతుంది. అందుకే మిల్లులో బూడిద తీయడం కూలి ఇచ్చి చేయించే పని. సూర్యాపేట, కోదాడ పల్లెల్లో పత్తికట్టెతో, తుమ్మ మొద్దులతో మండే ఇంటి పొయ్యికి ఆ దిక్కు లేదు. పొగరాని పొయ్యిలు నిలవకపోవడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం.

చలిదేశాల కట్టెల పొయ్యిల్లో కొన్నిటికి తేనెపట్టులాంటి పింగాణీ బిళ్ల ఉంటుంది. దాని మీద ప్లాటినం, పల్లేడియం పూత. మామూలుగా 550 డిగ్రీలు దాటితే గానీ అంటుకోని పొగ, ఈ పూత తగిలితే సుమారు 260 డిగ్రీలకే మండిపోతుంది. బయటికి పోవాల్సిన పొగే వేడి ఇస్తుందన్నమాట. కానీ ఆ బిళ్ల మహా సుకుమారం. బూడిద దాని కళ్లను మూసేస్తుంది, పచ్చికట్టె మసి పట్టిస్తుంది, ప్లాస్టిక్కు, రంగు వేసిన చెక్క పూతను చెడగొడతాయి. (మన దగ్గర పొయ్యి ముట్టించడానికి ముందు చేతికందేది పాలిథిన్ కవరే!) చల్లారాక మెత్తటి బ్రష్షుతో దులపాలి, గీకకూడదు. దులిపినా వేడి పుంజుకోక, గొట్టంలోంచి చిక్కటి పొగ వస్తూనే ఉంటే కొత్తది వేయాల్సిందే.

అంత సున్నితమైన వస్తువు దాకా ఎందుకు, మట్టి పొయ్యికి పెట్టిన మామూలు గొట్టమే మన దగ్గర నిలవలేదు. కేంద్రం 1983లో మొదలుపెట్టిన మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం 2002లో ఆగిపోయింది. ఆ తర్వాత ఒడిశాలో దాదాపు 2,600 కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, కొత్త పొయ్యి వచ్చిన మొదటి ఏడాది ఆడవాళ్లు పీల్చే పొగ తగ్గింది. తర్వాత ఆ మేలు కరిగిపోయింది. మరమ్మతులు జరగలేదు, వాడకమూ పడిపోయింది. ఇది ఆడవాళ్ల అశ్రద్ధ అనేవాళ్లున్నారు. ఇంటి కప్పెక్కి గొట్టం దులపడం, పగిలినదాన్ని మార్చడం వంటింటి పనుల్లోకి ఎలా వస్తాయి? దానికి నిచ్చెన కావాలి, మనిషి కావాలి, డబ్బు కావాలి. ఆ డబ్బు చాలాసార్లు పొగ తగలని వాళ్ల జేబులో ఉంటుంది. 1999లో దీపం, 2016లో ఉజ్వల గ్యాస్ పథకాలు వచ్చాయిగా, ఇంకా పొయ్యి గొడవెందుకంటారా? గ్యాసే మేలు, సందేహం లేదు. అయితే సిలిండర్ కొనాలి, పత్తి ఏరాక మిగిలే కట్టె ఊరికే వస్తుంది. స్నానాల నీళ్లు ఇంకా చాలా ఇళ్లలో దాని మీదే కాగుతాయి.

జర్మనీలో పొగగొట్టాలు దులిపించడం చట్టం విధించిన బాధ్యత, అది చేసేవాళ్లది గుర్తింపున్న వృత్తి. ఇక్కడ చట్టం దాకా పోనక్కర్లేదు. పత్తికట్టె ఇంటికి చేరే రోజుల్లో ఊరికో మేస్త్రీ నిచ్చెనతో, రెండు మూడు కొత్త గొట్టాలతో ఇల్లిల్లూ తిరిగేలా పంచాయతీ కూలి కడితే చాలు. పింగాణీ బిళ్ల మాట ఆ తర్వాత.