పిడికెడు బియ్యముతో నిలిచిన పీఠము

కరీంనగర, ఆదిలాబాదు సీమల ప్రొటెస్టంటు సంఘముల చరిత్ర చెప్పబూనినవాడు మొదట దక్షిణమునకు మరలి దోర్నకల్లు పేరెత్తక తప్పదు. 1912వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్ కెథెడ్రలునందు వేదనాయగము శామ్యూల్ అజరయ్య దోర్నకల్లు డయోసిసునకు బిషప్పుగా అభిషిక్తుడైనప్పుడు, ఆంగ్లికన్ సంఘమున అట్టి పదవి నెక్కిన తొలి భారతీయుడాయనయే. ఆంగ్లేయ మిషనరీలలో పలువురకు అది రుచింపలేదు. తమిళుడు తమకు పెద్ద యగుటకు తెలుగు క్రైస్తవులలో కొందరును గొణగిరి.

తిరునెల్వేలి సీమలో 1874లో ఒక పల్లె గురువు కుమారుడుగా జన్మించి, వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దేశమెల్ల తిరిగి, 1903లో స్వదేశీయుల ధనముతో స్వదేశీయులే సేవ చేయు మిషనరీ సొసైటీని తోడివారితో కలిసి నెలకొల్పి, దాని పనివారిని నిజాం రాజ్యమునకు పంపి, తుదకు తానే 1909లో దోర్నకల్లు చేరినవాడాయన. మరుసటియేట ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, మిషనరీలకును దేశీయులకును నడుమ సమానులకు తగిన స్నేహము లేదని దొరల మొగముమీదనే చెప్పెను.

ఆయన చేతికి వచ్చినది పండితుల సంఘము కాదు. మాలపల్లెలును మాదిగవాడలును వాడకు వాడ బాప్తిస్మము పొందుచున్న కాలమది. వారికి చదువు లేదు, భూమి లేదు, వెట్టి మాత్రము పుష్కలముగా నుండెను. అట్టివారిని కూర్చుండబెట్టి బోధించుటతో తృప్తి చెందక, బాప్తిస్మము పొందిన ప్రతివానిచేతను, తన చేయి తన తలపైనుంచుకొని సువార్త చాటెదనని ప్రమాణము చేయించి, ఎడ్లబండిపై పల్లె పల్లె తిరిగి, ఉపదేశులను తరిఫీదు చేసి, తెలుగు కీర్తనలను, కోతపండుగలను ఆరాధనలోనికి తెచ్చి, వంటకు ముందు ఇల్లాలు తీసియుంచు పిడికెడు బియ్యమును సంఘపోషణకు ఆధారము చేసెను. పరదేశపు సొమ్ముపై కట్టిన గుడికంటె ఈ పిడికిలియే గట్టిదని నా తలంపు. దానమిచ్చినవాడు యాచకుడు కాడు గదా! 1939లో ప్రతిష్ఠితమైన దోర్నకల్లు కెథెడ్రలు రూపమును ఈ దేశపుదే. దాని గుమ్మటములు మసీదును, స్తంభములు దేవాలయ మండపమును తలపించును.

అంతమాత్రమున ఆయన గెలిచినదెల్ల గెలుపే యనరాదు. మాల మాదిగల భేదము సంఘములోనికిని వెంటవచ్చెను. దానిని ఆయన పూర్తిగా తుడువలేకపోయెను. సామూహిక మతాంతరములను గాంధీజీ విమర్శించినను, ఆయన తన మార్గము విడువలేదు. ఆ వివాదము నేటికిని చల్లారలేదు.

ఉత్తర తెలంగాణమునకు ఆయనవలన కలిగిన ఫలము వేరొకటి. కరీంనగరము వెస్లియన్ మెథడిస్టుల క్షేత్రము. ఇంగ్లండునుండి వచ్చిన ఆ శాఖలో బిషప్పులే లేరు. 1919 మే నెలలో తరంగంబాడియందు కొందరు గురువులను సమకూర్చి సంఘైక్యత మాట నెత్తినది అజరయ్యయే. ఆంగ్లికనులు విడువలేనిది బిషప్పు పదవి, ఇతరులు మ్రింగలేనిదియు నదియే. ఆ చిక్కుముడి విప్పుటకు రెండు పుష్కరములకు పైగా చర్చలు సాగెను. 1945 జనవరి 1న ఆయన కన్నుమూసెను. ఆ చర్చల ఫలముగా 1947 సెప్టెంబరు 27న మద్రాసులో, బిషప్పు పదవిని నిలుపుకొనుచునే, దక్షిణ భారత సంఘమవతరించెను. తరతరములుగా బిషప్పు మాటే యెరుగని మెథడిస్టులు ఆ గొడుగు క్రిందికి వచ్చి, 1978లో కరీంనగరమునకే యొక డయోసిసును, దానికొక బిషప్పు పీఠమును సంపాదించుకొనిరి.