అంబలిలో నేమున్నది?

వేసవి వచ్చినదంటే జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో పొలము పోవువారికి, సిరిసిల్లలో మరమగ్గముల నడుమ నిలబడి పనిచేయువారికి జొన్న అంబలి ఎట్టిదో శ్రోతలకు చెప్పనక్కరలేదు. దానిలో బలమేమున్నదని ఎవరైన అడిగినచో, మాంసకృత్తులు కలవని చెప్పి ఊరకుందుము. ఆ సమాధానము చాలదు. మాంసకృత్తులనగా ఇరువది రకముల అమైనో ఆమ్లములను పూసలవలె గ్రుచ్చిన గొలుసులు. వానిలో తొమ్మిదింటిని మన శరీరము చేసికొనజాలదు. ఏ పూస ఎంత యున్నదో లెక్కించినగాని పానీయపు విలువ తేలదు.

ఈ లెక్క పండితుల వేడుక కాదు. జొన్నయే ప్రధానాహారముగా గల దక్కను పేదలలో పూర్వము పెల్లగ్రా వ్యాధి కనబడుచుండెడిది. ఎండ తగులు చోట్ల చర్మము నల్లబడి పగులును; విరేచనములు పట్టుకొనును; ముదిరినచో మతి చలించును. నియాసిన్ అను విటమిను కొరత దీనికి మూలము. ట్రిప్టోఫాన్ అను అమైనో ఆమ్లమునుండి శరీరము కొంత నియాసిన్‌ను చేసికొనును. జొన్నలో మిక్కుటముగా నున్న ల్యూసిన్ ఈ పనికి అడ్డుపడునని 1960లో డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకంఠయ్యగార్లు ప్రతిపాదించిరి. వారి పరిశోధనాలయమే 1958లో కూనూరునుండి హైదరాబాదు వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. వారి వాదమును తరువాతివారందరు అంగీకరింపలేదు. అయినను అవునన్నవారికి, కాదన్నవారికి కూడ ఆధారము ఈ తూకమే.

తూచుట ఎట్లు? అంబలిని గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లముతో 110 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఒక దినము కాచినచో గొలుసులు తెగి పూసలు విడివడును. ఆ ద్రవమును సన్నని రెసిను గుండ్లు నింపిన గొట్టములోనికి పంపుదురు. ఒక్కొక్క ఆమ్లము రెసినును ఒక్కొక్క పట్టున అంటుకొనును. పట్టు తక్కువైనది ముందు, ఎక్కువైనది వెనుక బయటపడును. అస్పార్టిక్ ఆమ్లము తొలుత, లైసిన్, ఆర్జినిన్ కడపట వచ్చును. నిన్‌హైడ్రిన్ కలిపి వేడిచేసినచో ఊదారంగు తేలును (ప్రోలిన్ మాత్రము పసుపే). రంగు చిక్కదనమును బట్టి పరిమాణము తెలియును. 1958లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ సంస్థలో స్పాక్‌మన్, స్టైన్, మూర్ అనువారు ఈ పనినంతయు యంత్రమున కప్పగించిరి. స్టైన్, మూర్‌లకు 1972లో నోబెల్ బహుమానము లభించినది. నేటి ద్రవ క్రోమటోగ్రఫీ యంత్రములు అధిక పీడనముతో నడచుచు, నమూనాలను తామే వరుసగా గ్రహించుచు, గంటకు అటునిటుగా ఒక్కొక్కదానిని ముగించుచున్నవి.

ఇందొక చిక్కు కలదు. ఆ ఆమ్లపు కాపుడులో ట్రిప్టోఫాన్ నశించిపోవును. పెల్లగ్రా విషయమున మనకు కావలసినదే అది! దానికై వేరొక పాలు తీసి క్షారముతో కాచవలెను. ఈ పని విడిచిన పట్టికను చూచి జొన్నపై తీర్పు చెప్పరాదని మా అభిప్రాయము.

పట్టిక తేల్చు మఱియొక సంగతి: జొన్నలో లైసిన్ కొరత, పాలలో అది సమృద్ధి. అంబలిలో మజ్జిగ పోసికొను మన పెద్దల అలవాటు రుచికొరకే కావచ్చును గాని, లోటు కొంత తీర్చుచున్నది.

పులిసిన పానీయములలో విడిగానున్న ఆమ్లములను కొలువవలెనన్న మాత్రము కాచుట అక్కరలేదు, వడగట్టినచో చాలును. కాని త్వరపడవలెను. సూక్ష్మజీవులు వానిని తినుచునే యుండును, క్రొత్తవానిని విడుచుచునే యుండును. సిరిసిల్లలో ఉదయము సీసాలో పోసిన అంబలి హైదరాబాదు చేరులోపల మఱియొక అంబలి యగును. కనుక దానిని మంచుపెట్టెలోనే తేవలెను.