ఉద్యోగం పోయినవారికి ఉపాధి కార్యాలయం ఎందుకు అక్కరకు రావడం లేదు?

ఒక మిల్లు మూతపడుతుంది. ఇరవై ఏళ్లు యంత్రం ముందు నిలబడి పనిచేసిన కార్మికుడు జిల్లా ఉపాధి కల్పన కార్యాలయానికి వెళ్లి పేరు నమోదు చేయించుకుంటాడు. చేతికి నమోదు సంఖ్య వస్తుంది. పిలుపు మాత్రం రాదు. నెలలు గడుస్తాయి. ఈలోగా ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, అప్పుల వాయిదాలు ఆగవు. చివరికి తెలిసినవారి సాయంతో ఎక్కడో సగం జీతానికి పనిలో చేరుతాడు. ఉపాధి కార్యాలయంలో ఆయన పేరు అలాగే ఉండిపోతుంది.

ఈ అసంతృప్తికి కార్యాలయ సిబ్బంది అలసత్వమే కారణమని చాలామంది భావిస్తారు. చట్టాలను, పథకాలను పక్కపక్కన పెట్టి చూస్తే లోతైన కారణం బయటపడుతుంది. ఉద్యోగం పోయిన సమాచారం ఒక శాఖకు చేరుతుంది. భృతి మరో సంస్థ ఇస్తుంది. ఖాళీల వివరాలు ఇంకొకరి వద్ద ఉంటాయి. ఈ మూడింటినీ కలిపి, పని కోల్పోయిన వ్యక్తికి మళ్లీ పని చూపించే బాధ్యత మాత్రం ఎవరిపైనా లేదు.

పుట్టింది పని కోల్పోయినవారి కోసమే

రెండో ప్రపంచ యుద్ధం ముగింపు దశలో, 1945లో, ఈ వ్యవస్థకు పునాది పడింది. సైన్యం నుంచి విడుదలయ్యే జవాన్లకు, యుద్ధకాలపు కర్మాగారాల్లో పని పోయినవారికి తిరిగి జీవనోపాధి చూపించడం దాని తొలి లక్ష్యం. అందుకోసం పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ జనరల్ ఏర్పాటైంది. దేశ విభజన తరువాత నిర్వాసితులకూ, 1948లో ఉద్యోగార్థులందరికీ ఈ సేవలను విస్తరించారు. శివరావు కమిటీ సిఫార్సుల మేరకు 1956 నవంబరు 1 నుంచి, అంటే ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజు నుంచే, కార్యాలయాల రోజువారీ నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది.

ఆ తరువాతి దశాబ్దాల్లో కార్యాలయం స్వరూపం మారిపోయింది. పదో తరగతో, డిగ్రీయో పూర్తికాగానే యువత అక్కడ పేరు నమోదు చేయించుకోవడం ఆనవాయితీ అయింది. ప్రభుత్వ శాఖలు ఖాళీలు తెలిపితే, నమోదు తేదీ వరుసలో పేర్లు పంపేవారు. పని పోయినవారికి అండగా మొదలైన సంస్థ, తొలి ఉద్యోగం కోసం ఎదురుచూసేవారి వరుసగా మారింది. 2010 తరువాతి తొలి సంవత్సరాల్లో దేశవ్యాప్తంగా నమోదైన పేర్లు 4 కోట్లు దాటగా, ఏడాదికి ఈ కార్యాలయాల ద్వారా ఉద్యోగం పొందినవారు కొన్ని లక్షల మంది మాత్రమే.

ఖాళీ తెలపాలి, తీసుకోనవసరం లేదు

ఖాళీల తప్పనిసరి నోటిఫికేషన్ చట్టం 1959లో వచ్చి, 1960 మే నుంచి అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ రంగ సంస్థలన్నీ, 25 మంది లేదా అంతకు మించి సిబ్బంది గల వ్యవసాయేతర ప్రైవేటు సంస్థలు తమ ఖాళీలను ఉపాధి కార్యాలయానికి తెలియజేయాలని అది నిర్దేశించింది. అయితే ఖాళీని తెలిపినంత మాత్రాన కార్యాలయం పంపిన వ్యక్తినే నియమించుకోవాల్సిన బాధ్యత యజమానిపై ఉండదని అదే చట్టం స్పష్టంగా చెప్పింది. నిబంధన ఉల్లంఘిస్తే జరిమానా తొలిసారి 500 రూపాయల వరకు, ఆపై ప్రతిసారీ 1,000 రూపాయల వరకు. పెద్ద సంస్థకు ఇది లెక్కలోకి వచ్చే మొత్తం కాదు.

న్యాయస్థానాల తీర్పులు కూడా ఈ పరిస్థితిపై ప్రభావం చూపాయి. యజమానులు ఉపాధి కార్యాలయాల ద్వారానే నియామకాలు జరపాలని 1959 చట్టం నిర్బంధించడం లేదని సుప్రీంకోర్టు 1987లో హరగోపాల్ కేసులో తేల్చింది. కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కార్యాలయ నియామకాలపై వచ్చిన కేసులో 1996లో మరో అడుగు వేసింది. ఉపాధి కార్యాలయం నుంచి పేర్లు తెప్పించుకోవడంతో పాటు పత్రికల్లోనూ ప్రకటన ఇచ్చి, దరఖాస్తు చేసుకున్న అర్హులందరినీ పరిశీలించాలని చెప్పింది. సమాన అవకాశాల కోణంలో ఇది సమంజసమైన తీర్పే. కానీ దీనితో ఉపాధి కార్యాలయాల జాబితాకు ఉన్న విలువ తగ్గిపోయింది. ఆ స్థానంలో వాటికి కొత్త పాత్ర ఏదీ దక్కలేదు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ఉపాధి కార్యాలయాలను కెరీర్ సెంటర్లుగా ప్రస్తావిస్తోంది. పేరు మారినా మూలసూత్రం మారలేదు. ఖాళీని తెలపాలి, అక్కడి నుంచే తీసుకోవాలన్న నిర్బంధం లేదు.

అనుభవానికి గడి లేదు

నమోదు విధానం ప్రధానంగా విద్యార్హత చుట్టూ అల్లుకున్నది. స్పిన్నింగ్ మిల్లులో దారం తెగిన శబ్దాన్ని బట్టి లోపాన్ని పసిగట్టగల కార్మికుడి చదువు ఎనిమిదో తరగతి అయితే, దరఖాస్తులో ఆయన ఎనిమిదో తరగతి అభ్యర్థి. ఇరవై ఏళ్లలో చేతికి వచ్చిన నైపుణ్యానికి సర్టిఫికెట్ ఉండదు. దానికి తోడు నలభై దాటితే చాలా ప్రభుత్వ నియామకాల్లో వయోపరిమితి అడ్డువస్తుంది. నమోదును గడువులోగా పునరుద్ధరించుకోకపోతే సీనియారిటీ కూడా పోతుంది. పని వెతుక్కుంటూ ఊరు మారినవారు ఇలా నష్టపోతుంటారు.

2015 జులైలో ప్రారంభమైన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఈ పరిమితులను కొంతవరకు అధిగమించింది. దేశంలో ఎక్కడి ఖాళీనైనా ఉచితంగా చూడవచ్చు, నేరుగా దరఖాస్తు చేయవచ్చు. మోడల్ కెరీర్ సెంటర్లు, జాబ్ మేళాలు దీనికి అనుబంధం. అయినా ఇది ప్రకటనల బోర్డు స్వభావం నుంచి పూర్తిగా బయటపడలేదు. స్మార్ట్‌ఫోన్ వాడకం, ఆంగ్లంలో వివరాలు నింపడం అలవాటు లేనివారికి అది అందని ద్రాక్షే. గుంటూరులో నెలకు 18,000 రూపాయలు సంపాదించిన వ్యక్తికి మరో రాష్ట్రంలో 14,000 రూపాయల ఖాళీ కనిపించిందనుకుందాం. అక్కడ అద్దె కట్టుకుని ఇంటికి ఎంత పంపగలడన్న లెక్క పోర్టల్ వేయదు. మేళాల్లో ఇచ్చిన నియామక పత్రాల సంఖ్యను ప్రకటిస్తారు. ఆరు నెలల తరువాత వారిలో ఎందరు ఆ పనిలో కొనసాగుతున్నారన్నది అసలు కొలమానం కావాలి.

నోటీసు అందుతుంది, ఆ తరువాత?

సిబ్బంది తగ్గింపు ప్రభుత్వానికి తెలియకుండా జరగాల్సింది కాదు. తొలగించే ముందు కార్మికుడికి నెల రోజుల నోటీసు లేదా నెల జీతం, పూర్తిచేసిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. ప్రభుత్వానికీ నోటీసు పంపాలి. 1957 నాటి కేంద్ర పారిశ్రామిక వివాదాల నిబంధనలు ఆ నోటీసును సంబంధిత ఉపాధి కార్యాలయానికి కూడా పంపాలని ప్రత్యేకంగా పేర్కొన్నాయి. అంటే ఎవరి పని పోతున్నదో ముందే తెలుసుకునే దారిని నిబంధన రాసినవారు చూపించారు. నోటీసు అందుకున్న కార్యాలయం ఎన్ని రోజుల్లో ఆ కార్మికులను కలవాలి, ఏం చేయాలి అన్నది మాత్రం విధిగా నిర్దేశించలేదు. అందుకే అది ఫైలుకే పరిమితమయ్యే కాగితంగా మిగిలింది.

జర్మనీలో పద్ధతి వేరు. అక్కడ ఉద్యోగం ముగియబోతోందని తెలిసిన వ్యక్తి సాధారణంగా మూడు నెలల ముందే, ఆలస్యంగా తెలిస్తే మూడు రోజుల్లోగా, ఉపాధి సంస్థలో నమోదు చేసుకోవాలి. భృతి ఇచ్చేదీ, పని చూపేదీ ఒకే సంస్థ. పని త్వరగా దొరికితే సంస్థకు ఖర్చు తగ్గుతుంది. కాబట్టి పని చూపడంలో దానికి సొంత ప్రయోజనం ఉంది.

భృతి ఉంది, వేరే గుమ్మంలో

మన దేశంలో నిరుద్యోగ భృతి లేదనడం సరికాదు. ఈఎస్ఐ పరిధిలోని వారికి రెండు పథకాలు ఉన్నాయి. 2005 ఏప్రిల్ నుంచి ఉన్న రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన కింద సంస్థ మూతపడినా, రిట్రెంచ్‌మెంట్ జరిగినా అర్హులకు తొలి 12 నెలలు సగటు వేతనంలో 50 శాతం, తరువాతి 12 నెలలు 25 శాతం చెల్లిస్తారు. 2018 జులై నుంచి వచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన గరిష్ఠంగా 90 రోజులకు వర్తిస్తుంది. మొదట 25 శాతంగా ఉన్న ఈ సాయాన్ని కోవిడ్ కాలంలో, 2020 మార్చి 24 నుంచి, 50 శాతానికి పెంచారు. ఆ సడలింపును తరువాత పలుమార్లు పొడిగించారు.

నెలకు 18,000 రూపాయల వేతనం ఉన్న వ్యక్తికి రోజు సంపాదన 600 రూపాయలు. 50 శాతం చొప్పున 90 రోజులకు వచ్చేది 27,000 రూపాయలు. కుటుంబానికి ఇది ఊపిరి పీల్చుకునే వ్యవధి మాత్రమే. పైగా ఈఎస్ఐ వేతన పరిమితి 2017 నుంచి నెలకు 21,000 రూపాయలే కావడంతో, దానికి మించి సంపాదించేవారు పరిధిలోకే రారు. ఈఎస్ఐ శాఖలో సాయం కోరిన వ్యక్తి వివరాలు ఉపాధి కార్యాలయంలో పని వెతికే ప్రక్రియను వాటంతట అవే మొదలుపెట్టవు. ఆయన రెండు చోట్లా విడివిడిగా తిరగాలి.

శిక్షణ పేరుతో నగదు

ఆర్థిక సంస్కరణల వేళ, 1992 ఫిబ్రవరిలో, కేంద్రం జాతీయ పునరుద్ధరణ నిధిని ఏర్పాటు చేసింది. పునర్వ్యవస్థీకరణలో పని కోల్పోయే కార్మికులకు కొత్త శిక్షణ, కొత్త ఉపాధి అన్నది దాని ప్రకటిత ఉద్దేశం. ఆచరణలో నిధుల్లో అత్యధిక భాగం స్వచ్ఛంద పదవీ విరమణ చెల్లింపులకే వెళ్లింది. 2000లో ఆ నిధిని రద్దు చేశారు.

పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోని పునర్నైపుణ్య నిధిని చూస్తే ఆ అనుభవం గుర్తుకు రాక మానదు. తొలగించిన ప్రతి కార్మికుడి తరఫున యజమాని 15 రోజుల వేతనాన్ని ఈ నిధికి జమచేయాలి. ఆ మొత్తాన్ని 45 రోజుల్లోగా కార్మికుడి ఖాతాలో వేస్తారు. పేరులో నైపుణ్యం ఉంది, చేతికి వచ్చేది నగదు. ఆ నగదు అవసరమే. కానీ ఏ శిక్షణ తీసుకోవాలి, ఎక్కడ తీసుకోవాలి, దాని తరువాత ఏ ఉద్యోగం ఉంటుంది అన్న ప్రశ్నలకు అది సమాధానం కాదు.

రాజీనామా సంతకం ఖరీదు

హైదరాబాద్ వంటి నగరాల్లో ఐటీ ఉద్యోగుల పరిస్థితి మరోలా ఉంటుంది. తొలగించే బదులు రాజీనామా చేయమని కోరడం ఈ రంగంలో తరచుగా వినిపించే ఫిర్యాదు. భవిష్యత్తులో మరో సంస్థలో చేరేటప్పుడు మచ్చ ఉండదన్న భరోసాతో చాలామంది సంతకం చేస్తారు. రాజీనామా చేసిన వ్యక్తి చట్టం దృష్టిలో రిట్రెంచ్ అయిన వ్యక్తి కాదు. అందువల్ల పరిహారం, పునర్నియామకంలో ప్రాధాన్యం, ప్రభుత్వానికి నోటీసు అన్నీ ఒక్క సంతకంతో పక్కకు పోతాయి. మేనేజర్ స్థాయి విధుల్లో ఉన్నవారికి కార్మికుడు అన్న నిర్వచనమే వర్తించదు. కాంట్రాక్టు గడువు ముగిసినవారిదీ దాదాపు ఇదే స్థితి. పని పోయినా వీరెవరూ ప్రభుత్వ లెక్కల్లో కనిపించరు.

ప్రస్తుతానికి ఏం చేయాలి?

వ్యవస్థ మారేవరకు, పని కోల్పోయినవారు తమ హక్కులను వరుసగా సరిచూసుకోవడం మంచిది.

తొలగింపు ఉత్తర్వును రాతపూర్వకంగా, కారణంతో సహా అడిగి తీసుకోవాలి. ఒత్తిడి చేసినా ఆలోచించకుండా రాజీనామాపై సంతకం చేయరాదు.

వేతనాల కోడ్ ప్రకారం తొలగించిన రెండు పనిదినాల్లోగా రావాల్సిన వేతనం చెల్లించాలి. ఐదేళ్ల సర్వీసు పూర్తయితే గ్రాట్యుటీ అడగాలి.

ఈఎస్ఐ చందా కట్టినవారు పని పోయిన వెంటనే బ్రాంచి కార్యాలయంలో రెండు పథకాల అర్హతను, అప్పటికి అమల్లో ఉన్న రేటును, గడువును తెలుసుకోవాలి.

యజమాని నుంచి చేసిన పని వివరాలతో అనుభవ ధ్రువపత్రం తీసుకోవాలి. చేతిపనిలో నైపుణ్యం ఉన్నవారు, పూర్వ నైపుణ్యాన్ని గుర్తించి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ పథకం గురించి ఐటీఐలో గాని, నైపుణ్యాభివృద్ధి కేంద్రంలో గాని విచారించవచ్చు.

పాత సంస్థపై ఒక కన్ను వేసి ఉంచాలి. తొలగించిన ఏడాదిలోగా అదే సంస్థ తిరిగి నియామకాలు చేపడితే, పాత కార్మికులకు ముందుగా అవకాశం ఇవ్వాలని పారిశ్రామిక సంబంధాల కోడ్ చెబుతోంది. అడగకపోతే ఆ ప్రాధాన్యం కాగితం మీదే ఉండిపోతుంది.

మార్పు ఎక్కడ మొదలుకావాలి?

దీనికి కొత్త పోర్టల్ అక్కర్లేదు, భారీ వ్యయమూ అక్కర్లేదు. తొలగింపు నోటీసు అందిన రోజు నుంచే కెరీర్ సెంటర్ అధికారి ఆ కర్మాగారానికి వెళ్లి, ప్రతి కార్మికుడి అనుభవాన్ని నమోదు చేయడం మొదటి మెట్టు. ఈఎస్ఐలో సాయానికి దరఖాస్తు చేసిన వ్యక్తి పేరు అదే క్షణంలో పని వెతికే జాబితాలో చేరడం రెండోది. ఎంతమంది నమోదు అయ్యారన్న లెక్కతో పాటు ఎంతమంది పాత వేతనానికి దగ్గరగా ఉన్న పనిలో ఆరు నెలలు నిలిచారన్న లెక్కనూ జిల్లాల వారీగా ప్రకటించడం మూడోది.

1945లో యుద్ధం నుంచి తిరిగివచ్చిన జవాను ఏం చదివాడన్న ప్రశ్నకన్నా, ఏ పని చేయగలడన్న ప్రశ్నకే ప్రాధాన్యం ఉండేది. మూతపడిన మిల్లు గేటు ముందు నిలబడిన కార్మికుడు నేటికీ ఆ ప్రశ్న తనను ఎవరైనా అడగాలనే ఎదురుచూస్తున్నాడు.